మూడో నంబరు ఎగరేసిన రోజులు

మా వీధిలో రోడ్డు వేస్తున్నారు. డ్రమ్ముల్లో తారు కాగుతుంటే ఆ వాసన మా నాలుగో అంతస్తు దాకా వస్తోంది. అందరూ కిటికీలు బిగించుకున్నారు. నాకు మాత్రం మూయబుద్ధి కాలేదు. అది మా నాన్నగారి వాసన. తారు పూసిన తాళ్లు, కిరసనాయిలు, ఉప్పుగాలికి తడిసి ఆరిన ఖాకీ చొక్కా, ఈ మూడూ కలిసి గుమ్మంలోకి వచ్చాయంటే ఆయన డ్యూటీ దిగి వచ్చారని మంచం మీద నుంచే తెలుసుకునేవాళ్లం. ఆయన పోయి ఏడాది దాటింది. ఈ తారు వాసన పుణ్యమా అని అప్పటి సంగతులు ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. రాసి పెట్టుకోవాలనిపించింది.

నాన్నగారు కాకినాడ రేవులో సిగ్నల్ పని చూసేవారు. అప్పట్లో అక్కడ పెద్ద ఓడలు ఒడ్డుకు వచ్చేవి కావు. దూరంగా లంగరు వేసుకుని నిలబడితే, బార్జీలు ఉప్పుటేరులోంచి వెళ్లి సరుకు దించుకుని వచ్చేవి. ఆ ఓడలకీ, బార్జీలకీ, చేపల పడవలకీ గాలి కబురు చెప్పేది గట్టు మీద ఉన్న ఒక పొడవాటి స్తంభం. వైజాగ్‌లోని తుఫాను హెచ్చరికల కేంద్రం నుంచి తంతి రాగానే నాన్నగారు నల్లరంగు వేసిన శంకువులు, డ్రమ్ముల్లాంటివి తాడుకు కట్టి పైకి లాగేవారు. ఏవి కట్టారు, ఏది పైన, ఏది కింద అన్నదాన్ని బట్టి నంబరు. రాత్రయితే వాటి బదులు ఎర్ర దీపాలు, తెల్ల దీపాలు. కరెంటు పోతే కిరసనాయిలు లాంతర్లు.

ఆ స్తంభానికి ఒక ఇనుప కప్పీ ఉండేది. ఎంత నూనె వేసినా ఉప్పుగాలికి తుప్పు పట్టి కిర్రు కిర్రుమనేది. మా ఇల్లు జగన్నాథపురం వైపు, ఉప్పుటేరుకి దగ్గర్లోనే. అర్ధరాత్రి ఆ కిర్రు వినపడితే అమ్మ లేచి కూర్చునేది. "ఏదో కట్టారే" అనేది. పెరట్లో ఆరేసిన వడియాలు, పిడకలు లోపలికి చేరేవి. పక్కింటివాళ్లు అడిగేవారు, వాళ్ల పక్కింటివాళ్లు అడిగేవారు, తెల్లారేసరికి వీధి వీధంతా "మూడో నంబరంట" అనుకునేది.

నంబర్లు పదకొండు. ఒకటీ రెండూ దూరంగా ఎక్కడో సముద్రంలో ఉందని. మూడు, నాలుగు మన రేవుకే గాలి తగిలే వీలుందని. ఐదు, ఆరు, ఏడు ప్రమాదం. ఎనిమిది, తొమ్మిది, పది మహా ప్రమాదం. మూడో నంబరు ఎక్కగానే బార్జీలన్నీ ఉప్పుటేరులోకి వచ్చి వరసగా కట్టుకునేవి. కళాసీలు ఒక తాడు ఉన్నచోట రెండు తాళ్లు వేసేవారు. వాళ్ల కేకలు, బార్జీల పక్కలు ఒకదానికొకటి రాసుకునే చప్పుడు, గట్టు మీద టీ కొట్లలో రేడియో, అదంతా మాకు ఒక రకం సందడి. పిల్లలకు భయం ఏడో నంబరు నుంచే.

ఐదుకీ ఆరుకీ తేడా నాకు ఒక పట్టాన అర్థమయ్యేది కాదు. రెండూ ప్రమాదమే కదా, రెండు నంబర్లు ఎందుకు? నాన్నగారు నా పలక తీసుకుని ఏటవాలుగా ఒక గీత గీశారు. అది ఒడ్డు. గీత మీద చుక్క కాకినాడ. కుడివైపు సముద్రంలో ఒక సున్నా, దాని చుట్టూ బాణాలు.

"మన వైపు తుఫాను గాలి ఎప్పుడూ గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతుందమ్మాయ్. ఈ సున్నా పడమరగా వచ్చి ఒడ్డు దాటిందనుకో. దానికి ఉత్తరాన ఉన్న ఊరి మీదికి గాలి సముద్రంలోంచి వస్తుంది. నీళ్లను తోసుకుని మరీ వస్తుంది. దక్షిణాన ఉన్న ఊళ్లో గాలి నేల మీంచి సముద్రంలోకి పోతుంది. ఐదంటే మన రేవును ఎడమ పక్కన పెట్టుకుని దాటుతుంది. ఆరంటే కుడి పక్కన పెట్టుకుని. ఏడంటే మన నెత్తి మీదికే."

ఎనిమిది, తొమ్మిది, పదికి కూడా ఇదే లెక్క. కాకపోతే తుఫాను ఇంకా పెద్దది. పదకొండు గురించి అడిగితే "అది తర్వాత చెప్తాలే" అన్నారు.

*

ఆఫీసు గోడకు వెలిసిపోయిన మబ్బుల చార్టు ఒకటి ఉండేది. పది రకాలు, పది ఫొటోలు. సెలవురోజుల్లో క్యారేజీ పట్టుకెళ్లినప్పుడు ఆ చార్టు ముందు స్టూలు వేసుకుని కూర్చునేదాన్ని. సిర్రస్, ఆల్టోక్యుములస్, నింబోస్ట్రేటస్, నోరు తిరగని పేర్లు. 1802లో లండన్‌లో మందులు తయారుచేసి అమ్ముకునే ల్యూక్ హోవార్డ్ అనే ఆయన మొదలుపెట్టాడు ఆ పేర్లని. అంతకుముందు మబ్బుల్ని ఇలా జాతులుగా విడదీసి అందరూ ఒప్పుకునేలా పేర్లు పెట్టినవాళ్లు లేరు. ఈ సంగతి నేను చాలా ఏళ్ల తర్వాత లైబ్రరీలో చదివి నాన్నగారికి చెబితే ఎంత సంతోషించారో! వాతావరణ ఉద్యోగి కూడా కాని మనిషి, ఖాళీ ఉన్నప్పుడు ఆకాశం చూసి చూసి కనిపెట్టాడన్నది ఆయనకు బాగా నచ్చింది.

నాన్నగారి పాఠం మాత్రం చార్టుతో కాదు, వేళ్లతో. ఉప్పుటేరు గట్టు మీద నిలబెట్టి "చెయ్యి చాపు" అనేవారు. మబ్బు చిన్న చిన్న ముద్దలుగా విడిపోయి ఉంటే వాటికి ఎదురుగా చిటికెనవేలు పెట్టాలి. ముద్ద వేలి వెనక పూర్తిగా దాక్కుంటే అది చాలా ఎత్తున ఉన్న మబ్బు, సిర్రోక్యుములస్. వేలు చాలక మూడు వేళ్లు పెడితే దాక్కునేది మధ్య ఎత్తు మబ్బు, ఆల్టోక్యుములస్. మూడు వేళ్లకీ లొంగకపోతే అది కింది మబ్బు, స్ట్రాటోక్యుములస్, రెండు కిలోమీటర్ల లోపే ఉంటుంది. ఈ మూడూ చూడటానికి ఒకేలా ఉంటాయి. ఎత్తు తెలిస్తేగానీ కబురు తెలియదు.

తర్వాత ఆకాశాన్ని ఎనిమిది వాటాలు వేయించేవారు. మబ్బులన్నీ ఒక పక్కకి జరిపితే ఎన్ని వాటాలు నిండుతాయి? నేను ఐదనేదాన్ని, తమ్ముడు ఆరనేవాడు, ఇద్దరం కొట్టుకునేవాళ్లం. పొద్దున్న ఎనిమిదిన్నరకి దేశంలో ప్రతి వాతావరణ కేంద్రంలోనూ ఒక మనిషి ఇలాగే తలెత్తి వాటాలు లెక్కపెడుతుంటాడని చెప్పినప్పుడు మాకు గొప్పగా ఉండేది. ఆ తర్వాత చాలా రోజులు ఆ టైముకి మేమూ పెరట్లో నిలబడేవాళ్లం.

మా నాయనమ్మకి ఈ ఇంగ్లీషు పేర్లంటే గిట్టేది కాదు. ఆవిడ లెక్క ఆవిడది. చీమలు గుడ్లు మోసుకుని గోడెక్కితే వాన. తూనీగలు నేలకు దగ్గరగా తిరిగితే వాన. చంద్రుడి చుట్టూ వరదగుడి కడితే మాత్రం నలుగురినీ పిలిచి చూపించేది. "దగ్గర గుడి దూరపు వాన, దూరపు గుడి దగ్గర వాన." నాన్నగారు ఈ మాటను కొట్టిపారేయలేదు. రెండు గుళ్లూ రెండు వేరు వేరు మబ్బుల పని అనేవారు. చంద్రుడిని అంటిపెట్టుకుని ఉండే చిన్న గుడి నీటి బిందువులున్న పల్చటి మబ్బులో కడుతుంది. దూరంగా కట్టే పెద్ద గుడి మంచు పలుకులున్న ఎత్తైన మబ్బులో, సిర్రోస్ట్రేటస్‌లో కడుతుంది. చెయ్యి చాపి వేళ్లు బార్లా పరిస్తే బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా ఎంత ఉంటుందో, ఆ గుడి అంచు చంద్రుడికి దాదాపు అంత దూరంలో ఉంటుంది. పెద్ద వాన గుంపు ముందు ఆ మంచు మబ్బే పరుచుకుంటుంది. "మీ మామ్మ మాట మా చార్టులోనూ ఉంది, వేరే అక్షరాల్లో" అన్నారు. నాయనమ్మ అది విని ఏమీ అనలేదు గానీ, ఆ పూట ఆయనకి పెరుగు ఇంకో గరిటె ఎక్కువ వేసింది.

*

హెచ్చరిక పనిలో కష్టమంతా ఎండలో ఉంటుందని నాన్నగారు అంటుండేవారు. నంబరు ఎక్కే పూట ఆకాశం తరచూ తేటగా ఉంటుంది. గాలి కూడా ఉండదు. సముద్రంలో తుఫాను వందల కిలోమీటర్ల దూరంలో ఉంటే మన ఊళ్లో ఉక్క. అలాంటి పూట వేట మానుకోమంటే ఎవరు మానుకుంటారు? ఒక రోజు వేట పోతే ఆ ఇంట్లో పొయ్యి సంగతేంటి?

ఏటిమొగ నుంచి ఒక పెద్ద సరంగు, అంటే పడవ నడిపే పెద్ద, వచ్చేవాడు. ఎండకి నల్లబడి బిగిసిన మనిషి. నా కళ్లముందే జరిగిన మాటలివి.

"ఏటి బాబూ, ఎండ పేలిపోతంటే మూడో నంబరు కట్టేరు?"

"వైజాగ్ నుంచి తంతి వచ్చింది పెద్దయ్యా."

"తంతికేం, వస్తది. పోయిన నెల్లోనూ వచ్చింది. ఏటీ రాలేదు."

నాన్నగారు వాదించలేదు. బయటికి తీసుకొచ్చి ఆగ్నేయం వైపు చెయ్యి చూపించారు. నీలంగా ఉన్న ఆకాశంలో చాలా ఎత్తున తెల్లటి ఈకలు, సన్నగా, పొడుగ్గా. అవన్నీ ఒక్కచోట నుంచి బయలుదేరి విసనకర్రలా విచ్చుకున్నాయి. సిర్రస్. "ఆ ఈకల మొదళ్లు ఎక్కడ కలుస్తున్నాయో చూడు. అక్కడ ఉంది అది. దాని నెత్తి మీంచి పోయే గాలి ఈ మబ్బుని మన దాకా ఊదింది."

సరంగు చాలాసేపు చూశాడు. తర్వాత ఆయన నాన్నగారిని నీళ్ల దగ్గరికి తీసుకెళ్లాడు. "మీరు పైకి చూస్తారు బాబూ, మేం కిందకి చూస్తాం. అల చూడండి. పొద్దుట్నించీ అలకీ అలకీ మజ్జెన ఎడం పెరిగింది. గాలి లేకుండా ఇంత లావు అల ఎందుకొస్తది?" నాన్నగారు వాచీ చూసుకుంటూ అలలు లెక్కపెట్టారు. దూరపు తుఫాను లేపిన అల గాలికంటే ముందే ఒడ్డు చేరుతుందని ఆయనకి పుస్తకాల్లో తెలుసు. సరంగుకి కాళ్లకింద తెలుసు.

ఆ రోజు ఏటిమొగ నుంచి పడవలు కదల్లేదు. అప్పటి నుంచి నంబరు ఎక్కితే సరంగు రావడం, ఇద్దరూ చెరో దిక్కు చూసి మాట్లాడుకోవడం మామూలైపోయింది. తంతి కాగితంలో ఉన్న మాట నమ్మడానికి కళ్లకు ఏదో ఒకటి కనపడాలి. మబ్బు ఆ సాక్ష్యం చెప్పేది. అలా సాక్ష్యం చూపించడం కూడా తన ఉద్యోగంలో భాగమేనని మా నాన్నగారు అనుకున్నారు. ఎవరూ ఆయన్ని అడగలేదు. జీతంలోనూ అది లేదు.

*

వేసవి గాలివానల సంగతి వేరు. వాటికి తంతులు, నంబర్లు అందుకునే తీరిక ఉండదు. మధ్యాహ్నం దాకా క్యుములస్ ముద్దలు తెల్లగా, అడుగు భాగం చదునుగా తేలుతుంటాయి. మూడు గంటల వేళకి వాయవ్యంలో ఒకటి లావెక్కి పైకి పైకి పోతుంది. దాని తల ఇంక పైకి పోలేక పక్కలకి పరుచుకుంటే, కమ్మరి దాగలిలా కనిపిస్తే, అదే క్యుములోనింబస్. పదిహేను కిలోమీటర్ల ఎత్తు దాటేవీ ఉంటాయి. అప్పుడు నాన్నగారు మామిడిచెట్ల కింద ఉన్న మమ్మల్ని గట్టిగా కేకేసేవారు. మెరుపుకీ ఉరుముకీ మధ్య అంకెలు లెక్కపెట్టించి మూడుతో భాగించమనేవారు. అన్ని కిలోమీటర్ల దూరంలో ఉంది అది. ముందు ఉక్క ఆగిపోతుంది, చల్లటి ఈదురుగాలి ఒక్క తోపు తోస్తుంది, దుమ్ము లేస్తుంది, ఆ తర్వాతే చినుకు. ఆ మొదటి తోపులోనే రేకులు ఎగురుతాయి, కొమ్మలు విరుగుతాయి. కాయలు ఏరుకోవడం గాలివాన వెలిశాకే. ఈ ఒక్క విషయంలో ఆయన చెయ్యి చేసుకోవడానికి కూడా వెనకాడలేదు.

గాలి వేగం చెప్పడానికి ఆయనకి చెవులు చాలు. వీధిలో కరెంటు తీగలు ఈల వేస్తే గంటకు నలభై కిలోమీటర్లు. చెట్టు మొత్తం ఊగితే యాభై దాటినట్టు. మనిషి ఎదురు నడవలేకపోతే అరవై పైన, అంటే తుఫాను గాలి. బోఫోర్ట్ అనే బ్రిటిష్ నౌకాదళ అధికారి మొదలుపెట్టిన లెక్క అది. ఇప్పటికీ తీగల ఈల వినపడితే నా నోట్లోంచి నలభై అన్న మాట దానంతటదే వస్తుంది.

*

దివిసీమ ఉప్పెన నాటికి నేను చిన్నపిల్లని. 1977 నవంబరు 19, శనివారం. మా ఊరికి గాలీ వానతో సరిపోయింది. నాన్నగారు ఆ రోజుల్లో ఇంటికి సరిగ్గా రాలేదు. వచ్చినప్పుడు మాట్లాడలేదు. పేపర్లో ఫొటోలు మాకు కనపడకుండా మడతపెట్టి అటక మీద పెట్టేవారు. అధికారిక లెక్కే పదివేల చిల్లర అన్నారు. అసలు సంఖ్య అంతకంటే ఎక్కువని అందరూ అనుకునేవారు.

మా దూరపు బంధువు, నాగాయలంక వైపు ఆవిడ, పిన్ని వరస, తర్వాత కొన్నాళ్లు మా ఇంట్లో ఉంది. వంటింట్లో అమ్మ పక్కన కూర్చుని కూరగాయలు తరుగుతూ ఉన్నట్టుండి చెప్పడం మొదలుపెట్టేది. గాలికి ఇల్లు పోయినా బతికుండేవాళ్లం అక్కా, నీళ్లు వచ్చాయి, అనేది. మనిషి ఎత్తు కాదు, తాటిచెట్టు సగం దాకా అనేది. చెబుతూ చెబుతూ కత్తిపీట ముందు చేతులు ఆగిపోయేవి. అమ్మ మెల్లిగా కూరగాయల పళ్లెం తన వైపు లాక్కునేది.

ఆ తర్వాత నాన్నగారు పలక మీద గీసిన గీతను నేనే మళ్లీ గీసుకున్నాను. తుఫాను చీరాల దగ్గర ఒడ్డు దాటింది. దివిసీమ దానికి కుడిపక్క. ఆ చిన్న వయసులో నాకు ఆరో నంబరంటే ఏమిటో, తొమ్మిదో నంబరంటే ఏమిటో అలా అర్థమైంది.

1990 మే నెలలో మచిలీపట్నం దగ్గర మళ్లీ అలాంటిదే వచ్చింది. ఈసారి మనుషుల్ని ముందే ఖాళీ చేయించారు, తుఫాను షెల్టర్లు కట్టి ఉన్నాయి. ప్రాణనష్టం వెయ్యికి లోపే. అది కూడా చిన్న సంఖ్య కాదు. కానీ నాన్నగారు ఆ పేపరు మాత్రం దాచలేదు. పైకి చదివి అమ్మకి వినిపించారు.

*

1996లో ఆయన రిటైరయ్యి ఇంట్లో ఉన్నారు. దీపావళికి పాపని తీసుకుని నేను పుట్టింటికి వచ్చాను. నవంబరు 6. పొద్దుటి నుంచీ మబ్బు. ఈశాన్య రుతుపవనాల కాలం కాబట్టి కింది మబ్బు అప్పటికే మూసుకుని ఉంది, పైన ఏముందో కనపడదు. నాన్నగారు డాబా ఎక్కి చూసి దిగి, మళ్లీ ఎక్కి చూసి దిగారు. "ఏమీ చదవనివ్వడం లేదు" అన్నారు. రేడియోలో తుఫాను కబురు వస్తూనే ఉంది. సాయంత్రానికి కరెంటు పోయింది. తీగల ఈల మొదలై, కాసేపటికి అదీ వినపడకుండా పోయింది. అన్ని చప్పుళ్లూ కలిసి ఒకే హోరు.

మధ్య గదిలో అందరం చేరాం. పాపని మంచం కింద పడుకోబెట్టాను. పెంకులు లేచిపోతున్న చప్పుడు ముందు ఒకటీ అరా, తర్వాత వరసగా. నాన్నగారు లాంతరు పక్కన కళ్లు మూసుకుని కూర్చున్నారు. నిద్రపోతున్నారేమో అనుకున్నాను. కిటికీలు వింటున్నారు. ఆ ఇంటికి నాలుగు దిక్కులా కిటికీలు ఉండేవి.

మొదట ఉత్తరం కిటికీ, తూర్పు కిటికీ రెండూ కొట్టుకున్నాయి. రాత్రి ముదిరాక ఉత్తరం కిటికీ నెమ్మదించి తూర్పు కిటికీ ఒక్కటే అదిరిపోతోంది. నాన్నగారు కళ్లు తెరిచి "కుడిపక్కన ఉన్నాం" అన్నారు.

"ఇప్పుడు ఆ ఎడమలూ కుడులూ ఎందుకండీ" అంది అమ్మ, ఏడుస్తూ.

"నీళ్లు ఎటొస్తాయో తెలియాలి కదే. గాలి ఈశాన్యం నుంచి తూర్పుకి తిరిగింది. ఇంకాసేపటికి ఆగ్నేయానికి తిరుగుతుంది. అంటే నడిబొడ్డు మనకి దక్షిణంగా దాటిపోతోంది. మన ఊరికి ఇంతే. కోరంగి వైపు, భైరవపాలెం వైపు..." అని ఆగిపోయారు. కోరంగి రేవు ఒకప్పుడు ఎంత పెద్దదో, 1789లో ఒకసారి, 1839లో ఇంకోసారి ఉప్పెన దాన్ని ఎలా ముంచిందో మాకు చాలాసార్లు చెప్పిన మనిషి ఆ రాత్రి ఆ మాట పూర్తి చేయలేదు.

ఆయన చెప్పినట్టే అర్ధరాత్రి దాటాక దక్షిణం కిటికీ కొట్టుకోవడం మొదలైంది. నాకు అప్పుడు ఊపిరి ఆడింది. హోరు తగ్గలేదు, భయమూ తగ్గలేదు. కానీ అది వెళ్లిపోతోందని తెలిసింది. ఆ చీకట్లో అంతకుమించి ఏమీ అక్కర్లేదనిపించింది.

తెల్లారాక ఆయన సైకిలు తీసుకుని ఏటిమొగ వెళ్లారు. దారిపొడవునా పడిన చెట్లు, స్తంభాలు. సైకిలు మోసిన దూరమే ఎక్కువని తర్వాత చెప్పారు. పెద్ద సరంగు కొడుకులిద్దరూ ఒడ్డునే ఉన్నారు. అల్లుడి పడవ మాత్రం రాలేదు. అది చూడటానికి చిన్న తుఫాను, చాలా త్వరగా బలపడింది. అప్పటికే సముద్రంలో ఉన్నవాళ్లు ఎందరో తిరిగి రాలేదు. కోనసీమలో కొబ్బరితోటలు తోటలకు తోటలే నేలకొరిగాయి. ఆ దీపావళికి మా వీధిలో ఎవరూ టపాసు కాల్చలేదు.

సరంగు నాన్నగారితో అన్న మాట ఒకటి ఉంది. "ఈసారి పైన ఈకలు కనపడలేదు బాబూ. కింద మబ్బు మూసేసింది." నాన్నగారు తరచూ ఆ మాట తలుచుకునేవారు. కింది మబ్బు అడ్డం వస్తే ఎంత తెలిసినవాడికైనా కళ్లు పనిచేయవు. అందుకే రాడార్లు కావాలని, ఉపగ్రహం ఫొటోలు పల్లెలో మనిషి దాకా రావాలని ఆయన కనిపించిన ప్రతివాడికీ చెప్పేవారు. పాత పద్ధతుల మీద అంత ప్రేమ ఉన్న మనిషి కొత్త యంత్రాల్ని అంతగా కోరుకోవడం నేను ఇంకెవరిలోనూ చూడలేదు.

*

ఆ కోరిక ఆయన బతికుండగానే తీరింది. టీవీలో ఉపగ్రహం బొమ్మ వచ్చినప్పుడల్లా కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చునేవారు. తుఫాన్లకు పేర్లు వచ్చాయి. మన సముద్రంలో 2004 నుంచి పెడుతున్నారు. అంతకుముందు ఊరి పేరో, నెల పేరో చెప్పుకోవడమే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు తెల్లటి సుడి మధ్య నల్లటి కన్ను టీవీలో స్పష్టంగా కనిపించింది. ఆయన లేచి వెళ్లి తెర మీద వేలు పెట్టారు. "సిర్రస్ అంచులు చూడవే, ఎలా విచ్చుకున్నాయో. ఆ ఈకలనే మేం కింద నుంచి చూసేవాళ్లం."

ఆ కన్ను వైజాగ్ మీదికి వెళుతోంది. తమ్ముడి ఇల్లు అక్కడే, ఎంవీపీ కాలనీలో. పన్నెండో తేదీ ఉదయం దాకా ఫోన్లో మాట్లాడాడు. తర్వాత ఫోను పోయింది. అక్కడి తుఫాను రాడారు కూడా ఆగిపోయిందని టీవీలో చెప్పారు. అమ్మ దేవుడి గదిలోంచి బయటికి రాలేదు. నాన్నగారు ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. రాత్రి నన్ను పిలిచి అన్నారు: "చిన్నప్పుడు అడిగావు కదూ పదకొండో నంబరు ఏమిటని. హెచ్చరికల కేంద్రంతో మాట తెగిపోయిందని. అది ఎక్కితే ఇంక ఎవరి రేవు వాళ్లే చూసుకోవాలి. నా సర్వీసులో అది ఎగరేసే పని పడకూడదని దణ్ణం పెట్టుకునేవాణ్ణి."

ఎవరిదో వేరే ఫోను నుంచి తమ్ముడు మాట్లాడేసరికి ఇంకో రోజు గడిచింది. అందరూ బాగున్నారు. కిటికీ అద్దాలు పోయాయి, నీళ్లు లేవు, కరెంటు లేదు. నాన్నగారు ఫోను తీసుకుని అడిగిన మొదటి మాట, "మధ్యలో గాలి ఆగిందా?"

"ఆగింది నాన్నా. మధ్యాహ్నం ఒక్కసారి ఆగిపోయింది. అపార్ట్‌మెంటు వాళ్లంతా అయిపోయిందని కిందికి దిగబోయారు. నేను మెట్ల దగ్గర అడ్డం నిలబడ్డాను. మళ్లీ వస్తుంది, అటునుంచి వస్తుంది అని అరిచాను. తిట్టారు. వచ్చింది."

"ముందు ఎటునుంచి?"

"ఈశాన్యం. తర్వాత నైరుతి."

"పదో నంబరు" అన్నారు నాన్నగారు, నా వైపు చూసి.

మర్నాడు కారులో మంచినీళ్ల డబ్బాలు, బియ్యం, కొవ్వొత్తులు వేసుకుని బయలుదేరాం. వద్దన్నా వినకుండా ఆయనా వచ్చారు, ముందు సీట్లో. అన్నవరం దాటి, తుని దాటి పైకి పోయేకొద్దీ రోడ్డు పక్కన పడిన చెట్లు కనపడసాగాయి. ఆయన అద్దం దించి ఒక్కో చెట్టూ ఎటు పడిందో చూస్తున్నారు. అనకాపల్లి దాకా చెట్ల తలలు సముద్రం వైపే ఉన్నాయి. "ఇదంతా ఎడమపక్క" అన్నారు. ఊళ్లోకి వచ్చాక కొన్ని ఇటు పడ్డాయి, కొన్ని అటు పడ్డాయి, రోడ్డు మీద ఒకదాని మీద ఒకటి. డ్రైవరు దారి కోసం వెతుక్కుంటుంటే నాన్నగారు అతనికి పలక లేకుండానే, అరచేతి మీద వేలితో గీస్తూ, ఐదో నంబరుకీ ఆరో నంబరుకీ తేడా చెప్పడం మొదలుపెట్టారు.